ఇరానీ హోటల్లో రాత్రిపూట ఫోటోలు: ఇప్పటిదాకా కుదిరినవి, ఇంకా మిగిలినవి

చోటు: సికింద్రాబాద్‌లో రోడ్డు మూల మీద రెండు వైపులా తెరుచుకుని ఉండే పాతకాలపు ఇరానీ హోటల్. పాలరాతి పలక వేసిన బల్లలు, వంపు చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు, పైన తెల్ల ట్యూబ్‌లైట్లు, గల్లా దగ్గర పసుపు ఎల్ఈడీ బల్బులు.
సామాను: ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, 16-35 ఎంఎం లెన్సు, ట్రైపాడ్, గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట), ఒక స్పీడ్‌లైట్ (కెమెరాకు తగిలించే ఫ్లాష్).

వెలుగు తక్కువగా ఉండడం ఇక్కడ పెద్ద చిక్కు కాదు. ట్రైపాడ్ వేసుకోనిస్తే అది తీరిపోయినట్టే. ఏడిపించేవి రెండు: వెలిగే బల్బుకీ బల్ల కింది చీకటికీ ఉన్న తేడా, ఒకే గదిలో రెండు మూడు రంగుల వెలుగు.

ఎక్స్‌పోజర్ (కుదిరింది)

గల్లాకి దూరంగా ఉన్న బల్లల మీద ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) దగ్గర షట్టర్ 2 సెకన్లు తెరిచి ఉంచాల్సి వస్తోంది. దాన్ని ఆధారంగా పెట్టుకుని 1/8, 1/2, 2, 8 సెకన్లు, అంటే రెండేసి స్టాపుల తేడాతో (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) నాలుగు ఫ్రేములు, అన్నీ రా (RAW) ఫైళ్లుగా. 1/8 ఫ్రేములో బల్బు ఆకారం దక్కుతుంది, 8 సెకన్ల ఫ్రేములో కుర్చీ కాళ్లు కనిపిస్తాయి. ఎఫ్/11 దాటి మూస్తే బల్బుల చుట్టూ నక్షత్రాల్లా కిరణాలు బాగా వస్తాయి కానీ డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల అద్దాల అంచులూ బోర్డు మీది అక్షరాలూ మెత్తబడతాయి. ఆ బేరం గిట్టదు.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే 8 సెకన్ల ఫ్రేము తర్వాత కెమెరా ఇంకో 8 సెకన్లు ఉత్త చీకటి ఫ్రేము తీసుకుంటూ కూర్చుంటుంది. ఈలోగా ఎదుటి బల్ల దగ్గరికి ఎవరో వచ్చి కూర్చుంటారు, ఫ్రేములు ఒకదాని మీద ఒకటి కుదరవు. ట్రైపాడ్ మీద ఉన్నంతసేపూ స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) కూడా ఆపు. కొన్ని కెమెరాలు లేని కదలికను సరిదిద్దబోయి ఫ్రేమును మెల్లగా జరుపుతాయి.

ఫోకస్: 20 ఎంఎం, ఎఫ్/8 దగ్గర 1.7 మీటర్ల మీద పెడితే సుమారు 85 సెంటీమీటర్ల నుంచి చివరి గోడ దాకా పనికొచ్చేంత స్పష్టంగా ఉంటుంది. ఆటోఫోకస్ చీకటి చెక్క మీద వెతుక్కుంటుంది కాబట్టి ఆ దూరంలో ఉన్న పలక అంచునో మెనూ కార్డునో స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి, మాన్యువల్‌కి మార్చి, రింగు మీద టేపు ముక్క అంటించాలి. 18 ఎంఎం కన్నా వెడల్పుకి వెళ్తే ఫ్రేము అంచున ఉన్న గుండ్రటి బల్లలు కోడిగుడ్డులా సాగుతాయి. హాలు ఇరుకైనా సరే, 20-24 మధ్య ఉండడమే మేలు.

అద్దాలు (కుదిరింది, ఒక షరతు మీద)

ఎదుటి గోడకు అద్దం ఉంటే కెమెరా అందులో పడుతుందా లేదా అన్నది ఎత్తు లెక్క. కెమెరా లెన్సు అద్దం కింది అంచు కంటే కిందికి ఉంటే లెన్సు తనకు తాను కనిపించదు. అద్దం నేల నుంచి 120 సెంటీమీటర్ల దగ్గర మొదలైతే లెన్సును 110 దగ్గర పెట్టాలి. లోపలి దృశ్యాలకు ఎలాగూ ఆ ఎత్తే బాగుంటుంది, కూర్చున్న మనిషి కంటిచూపు ఎత్తు అది. కానీ వెనక నిలబడ్డ మనిషి తల 165 దగ్గర ఉంటే దాని ప్రతిబింబం రెండింటి మధ్య ఎత్తున, అంటే దాదాపు 137 దగ్గర, అద్దంలో తేలుతుంది. షరతు అదే: బటన్ నొక్కేవాళ్లు కూర్చోవాలి, లేదా ఫోన్ యాప్‌తో ట్రిగ్గర్ చేసి పక్కకు జరగాలి. కెమెరాను పైకో కిందికో వంచకుండా లెవెల్‌గా ఉంచితే గోడల నిలువు గీతలూ వాలవు.

పోలరైజర్‌తో (మెరుపు తగ్గించే ఫిల్టర్) అద్దంలో బింబం పోతుందనుకునేవాళ్లున్నారు. గాజు కౌంటరు మీద మెరుపు కొంత తగ్గుతుంది. వెనక వెండిపూత ఉన్న అద్దం మీద దాని ఆట సాగదు. పైగా ఒకటిన్నర స్టాపు వెలుగు తినేస్తుంది.

రంగు (సగం కుదిరింది)

వెలుగు రంగును కెల్విన్‌లో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపు: ట్యూబులు 6500 కెల్విన్, గల్లా బల్బులు 3000. వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగును తెలుపుగా తీసుకోవాలో కెమెరాకు చెప్పే సెట్టింగు) 3000 పెడితే హాలంతా నీలం, 6500 పెడితే గల్లా అంతా నారింజ. నడిమధ్య పెడితే రెండూ చెడతాయి. దీనికి తిన్నగా పనిచేసేది స్విచ్ బోర్డే. ట్యూబులు ఆర్పి గల్లా బల్బులతో ఒక వరస, బల్బులు ఆర్పి ట్యూబులతో ఇంకో వరస, ఎక్స్‌పోజర్ మార్చకుండా తీయాలి. ఒక్కో వరసకు గ్రే కార్డుతో విడిగా వైట్ బ్యాలెన్స్ సరిచేసి, ఎడిటింగులో ఒకదాని మీద ఒకటి లేయర్లుగా వేసి, పైదాన్ని స్క్రీన్ మోడ్‌లో (కిందిదానికి వెలుగు కలిపే పద్ధతి) పెట్టాలి. వెలుగు మీద వెలుగు కూడుతుంది కాబట్టి ఫలితం సహజంగానే ఉంటుంది. పసుపు లేయరును మరీ తెల్లగా చేయొద్దు. 3000 వెలుగును పూర్తిగా సరిచేస్తే చాయ్ రంగు చచ్చిపోతుంది. కెల్విన్ అంకెను 3600 దాకా పెంచి కొంచెం వెచ్చదనం ఉంచితే హోటల్ హోటల్లా ఉంటుంది.

యజమాని ఒప్పుకోవాలంటే మూసే ముందు పది నిమిషాలు అడగడం ఉత్తమం. నడుస్తున్న హోటల్లో లైట్లు ఆర్పమనడం మర్యాద కాదు, గ్రాహకులు కరెంటు పోయిందనుకుని లేస్తారు. ఆర్పనివ్వకపోతే మిగిలిన దారి ఎడిటింగులో గల్లా వైపు మాస్కు వేసి (ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని) విడిగా కెల్విన్ మార్చడం. అయితే రెండు వెలుగులు కలిసే అంచున, పాలరాతి మీద ముఖ్యంగా, మరక కనిపిస్తుంది. మిగిలిన సగం అదే. ట్యూబులకు ఆకుపచ్చ ఛాయ కూడా ఉంటే టింట్‌ను మెజెంటా వైపు 10-15 జరపాలి.

బయటి ఆకాశం నీలంగా కావాలంటే సూర్యాస్తమయం తర్వాత 20-30 నిమిషాల మధ్య సమయం. హైదరాబాద్‌లో నవంబరు చివర సూర్యుడు 5:40 ప్రాంతంలో దిగుతాడు, జూలై మొదట్లో 6:55 ప్రాంతంలో. ఆ ఫ్రేమును ముందే తీసి పెట్టుకుని, ట్రైపాడ్ కదపకుండా, లోపలి వరసలను తర్వాత తీయాలి. ట్రైపాడ్‌ను రెండు మూడు గంటలు ఒకేచోట ఉంచనిచ్చే హోటళ్లు అరుదు. ఉంచనిచ్చినా తడిగుడ్డ పెట్టిన నేల మీద రబ్బరు కాళ్లు జారతాయి, బేరర్లు నడిచే దారిలో పలకలు అదురుతాయి. గోడవారగా వేసి, నడిమి కడ్డీ పైకి లేపకుండా వాడాలి.

ఫ్యాన్లు, మనుషులు, మినుకు

2 సెకన్ల ఫ్రేములో తిరిగే ఫ్యాను పల్చటి వలయంలా వస్తుంది, పరవాలేదు. కానీ ఆ గాలికి వేలాడే బల్బు ఊగితే ఫ్రేముకో చోట ఉండి, కలిపినప్పుడు దయ్యంలా రెండుగా కనిపిస్తుంది. ఆ ఒక్క ఫ్యాను ఆపమనాలి. మాట్లాడుకుంటూ కూర్చున్న మనుషులు 1/4 దగ్గర గుర్తుపట్టేలా, 2 సెకన్ల దగ్గర పొగలా వస్తారు. 1/2 నాకు నచ్చింది: ముఖం తెలియదు, అడ్డా మీద ఉన్న సందడి తెలుస్తుంది.

చేత్తో తీయాల్సి వస్తే ఎఫ్/2.8, 1/50, ఐఎస్ఓ 1250. 1/50 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోక్ ట్యూబులూ చౌక ఎల్ఈడీలూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/50, 1/100 అయితే మినుకులు పూర్తిగా ఫ్రేములో ఇముడుతాయి. 1/200 పెడితే, అదీ సైలెంట్ షట్టర్‌తో, ఫోటో అడ్డంగా చారలు పడుతుంది. గోడ మీద టీవీ ఉంటే ఆర్పమనడమే. క్రికెట్ మ్యాచ్ నడుస్తుంటే అడగొద్దు, 1/25తో విడిగా ఒక ఫ్రేము తీసి ఆ తెర వరకు అతికించు.

స్పీడ్‌లైట్ వాడకం దాదాపు సున్నా. సీలింగు తెల్లగా ఉన్నచోట 1/32 పవర్‌తో పైకి కొట్టి, ఫుల్ సీటీఓ జెల్ (ఫ్లాష్ వెలుగును నారింజగా మార్చే రంగు షీటు) పెడితే గల్లా బల్బుల రంగులో కలుస్తుంది. పొగకు గోధుమరంగు తిరిగిన సీలింగైతే ఆ రంగే బల్లల మీద పడుతుంది.

హెచ్‌డీఆర్ మెర్జ్ బటన్ (వేర్వేరు ఎక్స్‌పోజర్లను తనంతట కలిపేది) వాడడం మానేశాం. బల్బుల చుట్టూ బూడిద వలయం వస్తుంది, మూలలన్నీ ఒకే వెలుగులో పడి హాలు ఫర్నిచర్ షోరూములా తయారవుతుంది. 2 సెకన్ల ఫ్రేము అడుగున పెట్టి, బల్బుల వరకు 1/8ని, బల్లల కింద 8ని 30 శాతం అపాసిటీతో (గాఢతతో) మాస్కు వేస్తే చాలు.

తర్వాతి పని: చాయ్ కౌంటరు దగ్గర ఆవిరి. అది 2 సెకన్లలో మాయమవుతుంది. 1/50తో, వెనక నల్లటి నేపథ్యం ఉండేలా, బల్బు ఆవిరికి వెనక పక్కవాటుగా పడే కోణం వెతకాలి. వర్షాకాలంలో ఏసీ కారు దిగి నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్తే లెన్సు మీద చెమ్మ పడుతుంది కాబట్టి కెమెరాను బ్యాగులోనే పావుగంట ఉంచి తీయాలి.