995 పరుగుల దగ్గర ఆగిపోయిన దులీప్‌సింహ్‌జీ

2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు అనంతపురంలో జరిగినప్పుడు మా విజయవాడ కుర్రాళ్ళు కూడా రైలెక్కి వెళ్ళి చూసొచ్చారు. ఎవరు ఎంత కొట్టారో రోజుల తరబడి చెప్పుకున్నారు గానీ అసలు ఈ దులీప్ ఎవరు అన్న మాటే రాలేదు. నాకు మాత్రం ఆయనంటే చాలా ఇష్టం, అందుకే ఇది రాస్తున్నా.

1905లో గుజరాత్ వైపు కాఠియవాడ్‌లో పుట్టాడు, నవానగర్ రాజకుటుంబం, రంజీ ట్రోఫీ రంజీ ఉన్నాడే, ఆయనకి సొంత సోదరుడి కొడుకు. చదువు కేంబ్రిడ్జ్‌లో, కౌంటీ క్రికెట్, అంటే ఇంగ్లండ్ జిల్లా జట్ల ఆట, ససెక్స్‌కి, టెస్టులు ఇంగ్లండ్‌కి. 1929లో సౌతాఫ్రికా మీద మొదటి టెస్ట్ ఆడించి ఆ సిరీస్‌లో మళ్ళీ తీసుకోలేదు, ఒంటి రంగే కారణమని అప్పట్నుంచీ చెప్పుకుంటారు. మరుసటి ఏడు లార్డ్స్‌లో ఆస్ట్రేలియా మీద తన మొదటి మ్యాచ్‌లోనే 173 కొట్టాడు, చివరికి అవుటైనప్పుడు క్యాచ్ పట్టింది ఆస్ట్రేలియా దిగ్గజం బ్రాడ్‌మన్. అదే 1930లో నార్తాంప్టన్‌షైర్ మీద ఒక్క రోజులో 333, దాంతో ససెక్స్ తరఫున రంజీ పేరున ఉన్న 285 రికార్డు పోయింది.

ఇక 1932. ససెక్స్ కెప్టెన్, ఆస్ట్రేలియా టూర్‌కి సెలెక్ట్ కూడా అయ్యాడు, ఇంగ్లండ్ బౌలర్లు బ్యాట్స్‌మెన్ ఒంటికేసి బంతులు వేసినందుకు తర్వాత బాడీలైన్ అని పేరుపడ్డ టూర్ అదే. ఇంతలో టీబీ. వయసు 27. టీబీ అంటే అప్పట్లో ఎంత భయమో మన వైపు పెద్దవాళ్ళకి తెలుసు, మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియమే ఉండేది. టీబీకి మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో, అంతకుముందు మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, అంతే వైద్యం. ప్రాణం దక్కింది గానీ ఆట పోయింది. 12 టెస్టుల్లో 995 పరుగులు, యావరేజ్ 58 పైనే, మూడు సెంచరీలు. ఇంకో అయిదు పరుగులు చేసుంటే వెయ్యి కదా అని ఆ అంకె చూసినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది నాకు.

చాలామంది ఆయన కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు ఆ తర్వాతదే ఎక్కువ నచ్చుతుంది. 1950లో స్వతంత్ర భారతదేశం ఆయన్ని ఆస్ట్రేలియాకి హైకమిషనర్‌గా, అంటే రాయబారిగా పంపింది, న్యూజిలాండ్ బాధ్యత కూడా ఆయనదే, 1953 దాకా చేశాడు. తెల్లవాళ్ళు కానివాళ్ళు వచ్చి స్థిరపడకుండా అప్పటికింకా అడ్డుకుంటున్న దేశం అది. ఒకప్పుడు ఇంగ్లండ్ టోపీ పెట్టుకుని వాళ్ళ మీద 173 కొట్టిన మనిషే ఇప్పుడు మన జెండా తరఫున వాళ్ళ రాజధానిలో కూర్చున్నాడు. నాకైతే ఆ 173 కన్నా ఇదే పెద్ద ఇన్నింగ్స్. తిరిగొచ్చాక సౌరాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్‌గా పనిచేశాడు, 1959 డిసెంబర్‌లో బొంబాయిలో పోయాడు, ఇంకా 54 ఏళ్ళే. ఆయన పేరు మీద ట్రోఫీ పెట్టింది ఆ తర్వాతే, 1961–62 సీజన్‌లో.