వాడు అబద్ధం చెప్తున్నాడా?

ఆదివారం. పొద్దున బట్టలు ఉతుక్కోవడం, ఇల్లు సర్దుకోవడంతో సరిపోయింది. మధ్యాహ్నం కూర్చుని సాయంత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర వేసుకుని, డైస్ వేస్తూ కథ ఆడే ఆట) సెషన్‌కి నోట్సు రాసుకున్నా. పెద్ద కథేం కాదు: ఒక పడవవాడు, వాడి పడవలో దొరికిన ఒక పెట్టె, ఆ పెట్టె గురించి వాణ్ని నిలదీయడానికి వచ్చే నలుగురు. ఒక్క కత్తి కూడా దూయని సెషన్ ఇది. కథ నడిపే డీఎంగా నాకు భయం వేసేది ఇలాంటివాటికే. డ్రాగన్‌తో కొట్లాటకి లెక్కలున్నాయి, మాటలకి ఉన్నవి అరకొర.

"ఆ రాత్రి నేను నది దాటలేదు దొరా" అని పడవవాడి గొంతుతో అన్నానో లేదో, రోగ్ (దొంగ పాత్ర) ఆడేవాడు పడవవాడి మనసులో ఏముందో పసిగట్టడానికి ఇరవై ముఖాల డైస్ వేసేశాడు. "ఇన్‌సైట్! మొత్తం పద్దెనిమిది! అబద్ధం చెప్తున్నాడా లేదా?"

అవును అంటే సీను అక్కడితో సరి. తర్వాత మిగిలేది వాణ్ని కట్టేసి కొట్టడమే. అందుకని నేను తీర్పు చెప్పను, కనబడింది చెప్తాను. "మాట్లాడుతూనే తాడు పేనుతున్నాడు. నది మాట ఎత్తినప్పుడు చెయ్యి ఆగలేదు. మీరు వాళ్ల అన్న సంగతి అడిగినప్పుడు మాత్రం ఆగింది, పురి విడిపోయింది." అంతే. అరగంటసేపు టేబుల్ దగ్గర ఎవరూ ఫోను ముట్టుకోలేదు. ఒకడు భయం అన్నాడు, ఇంకొకడు కాదు సిగ్గు అన్నాడు. 2014 ఐదో ఎడిషన్ పుస్తకంలో కూడా ఇన్‌సైట్ అంటే ఎదుటివాడి అసలు ఉద్దేశం పసిగట్టడమనే ఉంది. అబద్ధం పట్టుకోవడం అందులో ఒక ఉదాహరణ మాత్రమే. మనవాళ్లు ఆ ఒక్క ఉదాహరణనే పట్టుకుని వేలాడతారు.

ఈలోగా విజార్డ్ (మంత్రగాడి పాత్ర) "నేను కూడా" అని వేస్తే నాలుగు పడింది. "నిజమే చెప్తున్నట్టున్నాడు" అని నేనంటే ఎవరు నమ్ముతారు? డైస్ మీద నాలుగు అందరికీ కనబడుతూనే ఉంది కదా. అందుకే "దీపం వెలుగు వాడి మొహం మీద పడట్లేదు, నీకేం తెలియలేదు" అని ఊరుకున్నా. తక్కువ పడితే కొత్త సంగతి దొరకదు, అంతేగానీ తప్పుడు సంగతి అంటగట్టను. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట రెండో ఎడిషన్‌లో ఈ గొడవ లేదు, అక్కడ సెన్స్ మోటివ్ (ఇన్‌సైట్ లాంటిదే) రోల్‌ని జీఎమ్మే (అక్కడి డీఎం) చాటుగా వేస్తాడు. పద్ధతి మంచిదే. కానీ మావాళ్ల చేతుల్లోంచి డైస్ లాక్కుంటే ముఖాలు మాడ్చుకుంటారు.

ఎవరూ రోల్ అడగని అబద్ధాలకి మాత్రం డైస్ వేయకుండానే లెక్కకొచ్చే పాసివ్ స్కోరు వాడతా. పదికి బోనస్ కలపడమే. మా క్లెరిక్ (పూజారి పాత్ర) విజ్‌డమ్ (వివేకం) బోనస్ నాలుగు, ప్రొఫిషియన్సీ (ఆ విద్యలో తర్ఫీదు) బోనస్ మూడు, పదితో కలిపి మొత్తం 17. మిగతా ముగ్గురూ పన్నెండు దాటరు. "పెట్టె ఎవరిదో నాకు తెలీదు" అన్నప్పుడు పడవవాడి డిసెప్షన్ (అబద్ధమాడే నేర్పు) రోల్ స్క్రీన్ వెనక వాళ్లకి కనబడకుండా వేశా, పదహారు వచ్చింది, క్లెరిక్ పదిహేడు కంటే తక్కువ. చిన్న చీటీ రాసి క్లెరిక్‌కి మాత్రం ఇచ్చా: "ఈ మాట ముందే బట్టీ పట్టినట్టుంది." ఆమె చదివి, మడిచి జేబులో పెట్టుకుని ఎవరికీ చెప్పలేదు. నాకు ముచ్చటేసింది.

బార్డ్ (పాటగాడి పాత్ర) సంగతి వేరు. పాత్ర కరిస్మా (మాటతో ఆకట్టుకునే శక్తి) 18, ఆడే మనిషికి నలుగురిలో నోరు పెగలదు. ఫైటర్ (యోధుడి పాత్ర) ఆడేవాణ్ని బండరాయి ఎత్తి చూపించమని ఎవరూ అడగరు కదా, మరి ఈయన్ని ఉపన్యాసం ఇమ్మనడం ఏం న్యాయం? ఏం ఇస్తానంటున్నావు, ఏం అడుగుతున్నావు, ఆ రెండూ చెప్తే చాలంటా. "అన్నకి ఏ హానీ జరగనివ్వమని మాటిస్తాను" అన్నాడు. సరైన చోట తగిలింది కాబట్టి డీసీ (గెలవాలంటే రోల్ చేరాల్సిన అంకె) తగ్గించా. మాటకారితనానికి మార్కులు వేయను, మాటలో సరుక్కి వేస్తా. పర్సుయేషన్ (ఒప్పించే నేర్పు) మంత్రం కాదు కూడా. 2014 డీఎం గైడ్ ప్రకారం పగబట్టినవాడు డీసీ 20 దాటినా తనకి నష్టం లేని పనే చేస్తాడు. ఆ ఎడిషన్‌లో స్కిల్ చెక్కుకి (ఇలాంటి నేర్పుల రోల్‌కి) డైస్ మీద ఇరవై పడ్డంత మాత్రాన గెలిచినట్టు కాదు. (మూడో ఎడిషన్ డిప్లొమసీలో 50 దాటితే బద్ధశత్రువు ప్రాణమిత్రుడైపోయేవాడు. అది ఆడినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ.)

చివర్లో క్లెరిక్ జోన్ ఆఫ్ ట్రూత్ (లోపల ఉన్నవాళ్లు తెలిసి అబద్ధం చెప్పలేని మంత్రం) వేసింది. పదిహేను అడుగుల వ్యాసార్థం, పది నిమిషాలు. పడవవాడు సేవ్ (మంత్రాన్ని తట్టుకునే రోల్) తప్పాడు, ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ తన మీద మంత్రం ఉందని వాడికీ తెలుసు, జవాబు దాటేయొచ్చనీ తెలుసు. "ఆ రాత్రి నా పడవ కట్టు విప్పలేదు" అన్నాడు. అక్షరాలా నిజం. విజార్డ్ కాసేపు తల గోక్కుని, "మరి ఎవరి పడవ విప్పావు?" అన్నాడు.

అక్కడే ఆపాం, రాత్రి పదకొండయింది. ఆ అన్న గురించి నా నోట్సులో ఒక్క లైనే ఉంది. వచ్చే ఆదివారంలోగా వాడికి ఒక పడవ, ఒక నేరం, చెప్పుకోవడానికి ఒకటో రెండో మంచి అబద్ధాలు తయారుచేయాలి.