హైడ్రోజన్ కిట్ లెక్క డైనమో దగ్గరే తేలుతుంది

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని నాది. మైలేజీ పెంచే హైడ్రోజన్ కిట్ బిగించమని టాక్సీ డ్రైవర్లు వస్తుంటారు. పెట్రోలు ధర, బండి ఈఎంఐ రెండూ మోసేవాళ్లు కాబట్టి ఆశపడటం సహజం. నేను మాత్రం బిగించను.

కిట్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేట్లు, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్లు ఉంటాయి. కరెంటు ఇస్తే నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు లేస్తాయి. ఆ గ్యాసు గొట్టం గుండా ఇంజిన్ పీల్చే గాలిలో కలుస్తుంది. అమ్మేవాళ్లు గొట్టాన్ని సబ్బు నీళ్లలో ముంచి, నురగకు అగ్గిపుల్ల చూపిస్తారు. టప్పున పేలుతుంది. పేలేది అసలైన హైడ్రోజనే, అందులో సందేహం లేదు. అయితే అది తయారుకావడానికి కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది? డైనమో నుంచి. డైనమోను తిప్పేది ఇంజిన్, ఇంజిన్ తాగేది పెట్రోలు.

పాత కారు ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు బానెట్ ఎత్తి నిలబడి, హెడ్‌లైట్లు వేయించండి. డైనమో మీద భారం పడి ఇంజిన్ శబ్దం ఒక్క క్షణం కుంగి, మళ్లీ కూడదీసుకుంటుంది. మామూలు హెడ్‌లైట్లు రెండూ కలిపితే 110 వాట్లే. 20 ఆంపియర్లు లాగే కిట్‌కు 275 వాట్లు కావాలి.

ఇక లెక్క చూడండి. ఆరు సెల్స్ (ప్లేట్ల మధ్య నీరు విడిపోయే అరలు) ఉన్న కిట్ 20 ఆంపియర్లకు, ఏ నష్టమూ లేకపోయినా, గంటకు ఇచ్చేది సుమారు 75 లీటర్ల గ్యాసు. వినడానికి ఎక్కువే, కానీ అందులో హైడ్రోజన్ బరువు నాలుగున్నర గ్రాములు. దాని శక్తి 17 మిల్లీలీటర్ల పెట్రోలుకు సమానం. ఆ కరెంటు పుట్టించడానికి, ఇంజిన్‌లోనూ డైనమోలోనూ పోయే నష్టాలు కలుపుకుంటే, గంటకు 200 మిల్లీలీటర్ల దాకా పెట్రోలు కాలుతుంది. పదిహేడు రావడానికి రెండువందలు పోయడం ఏ లెక్కన పొదుపు?

"శక్తి కోసం కాదు, పెట్రోలు పూర్తిగా మండటానికి" అంటారు అమ్మేవాళ్లు. మంచి కండిషన్‌లో ఉన్న నేటి ఇంజిన్‌లో మండకుండా పోయే పెట్రోలే బహు స్వల్పం. సాక్ష్యంగా 1977 నాటి నాసా నివేదికను చూపిస్తారు. ఆ ప్రయోగంలో వాడిన హైడ్రోజన్ కొంత గ్యాసు సిలిండర్లలోది, కొంత మిథనాల్ నుంచి తీసినది. డైనమో కరెంటుతో నీటి నుంచి తీసింది కాదు. ఈ తేడా చెప్పకుండా నివేదిక ఒక్కటే చేతికివ్వడం నాకు కోపం తెప్పిస్తుంది. అమెరికాలో స్టాన్లీ మేయర్ అనే అతను ఏకంగా నీళ్లతోనే బండి నడుపుతానన్నాడు. కోర్టులో సాక్ష్యమిచ్చిన నిపుణులు అతని సెల్‌లో మామూలు విద్యుద్విశ్లేషణ (కరెంటుతో నీటిని విడగొట్టడం) తప్ప కొత్తదేమీ లేదన్నారు. అది మోసమేనని 1996లో ఒహాయో కోర్టు తేల్చి, ఇద్దరు మదుపరులకు 25,000 డాలర్లు తిరిగివ్వమంది.

కిట్ పెట్టాక మైలేజీ పెరిగిందనేవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనను. డబ్బు పెట్టాక యాక్సిలరేటర్ మీద కాలు తేలికపడుతుంది. బిగించేటప్పుడు మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ కూడా శుభ్రం చేసి ఉంటాడు.

కొన్ని కిట్లతో, ఇంజిన్ పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ సంకేతాన్ని మార్చే చిన్న పెట్టె వస్తుంది. పెట్రోలు తగ్గించేలా అది ఇంజిన్ కంప్యూటర్‌ను తప్పుదోవ పట్టిస్తుంది. మిస్‌ఫైర్లు (పెట్రోలు సరిగా అంటుకోకపోవడం), నాకింగ్ (ఇంజిన్ టకటకా కొట్టుకోవడం) మొదలయ్యేది అక్కడే. కిట్ ఇప్పటికే ఉంటే ముందు ఆ పెట్టె తీయించండి. గొట్టంలోకి నీళ్లు ఎక్కుతున్నాయేమో కూడా చూడండి, అందులోని పొటాషియం హైడ్రాక్సైడ్ క్షారం ఇంజిన్‌లోని అల్యూమినియాన్ని తినేస్తుంది. తర్వాత కిట్ ఫ్యూజు పీకి, అదే రోడ్డు మీద అదే వేగంతో ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు కొలవండి.