ఎముకల కేప్: నాలుగు వారాల కుట్టుపని

అక్టోబర్ 4: మావాడికి పద్నాలుగేళ్లు, ఈసారి హాలోవీన్‌కి (అక్టోబర్ 31 రాత్రి పిల్లలు వేషాలేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ తిరిగే పండగ) నల్ల కేప్, అంటే భుజాలమీంచి కిందికి వేలాడే అంగీ కావాలట, హుడ్‌తో సహా మొత్తం నలుపే. పైగా "అమ్మా, నువ్వు వెనకాల రావొద్దు, ప్లీజ్" అన్నాడు. డాలస్ దగ్గర ఆ రోజు ఆరూ నలభైకల్లా పొద్దు గూకుతుంది. 1975 నుంచి 2016 దాకా అమెరికా రోడ్డు ప్రమాదాల లెక్కలు తీసి చూస్తే, ముందువారం, తర్వాతివారం అదే సాయంత్రాలకంటే హాలోవీన్ రాత్రి నడిచేవాళ్లు చనిపోవడం 43 శాతం ఎక్కువని తేలింది. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. వాడికి చెబితే "సరేలే" అని ఫోన్‌లోకి వెళ్లిపోయాడు.

అక్టోబర్ 11: రిఫ్లెక్టివ్ టేపు, అంగుళం వెడల్పుది, పది మీటర్లు తెచ్చాను. "రోడ్డు పనివాడిలా ఉంటాను" అని మొహం మాడ్చుకున్నాడు. అప్పుడు తట్టింది, ఆ బూడిదరంగు టేపునే పక్కటెముకల్లా కత్తిరిస్తే? మామూలు వెలుతురులో కనీకనిపించకుండా ఉంటుంది, హెడ్‌లైట్ పడితే ఎముకలు భగ్గుమంటాయి. ఈ మాటకి మాత్రం ఫోన్ పక్కన పెట్టాడు. ఎముకలన్నీ వాడే గీశాడు, కాకపోతే ఒకవైపు ఒకటి ఎక్కువొచ్చింది, ఉండనిచ్చాను.

అక్టోబర్ 18: టేపుకి గుండుసూదులు గుచ్చితే చిల్లులు అలాగే ఉండిపోతాయి, బట్టలారేసే క్లిప్పులు పెట్టుకోవడం నయం. కుట్టు పొడవు మూడున్నర మిల్లీమీటర్లు, అంచుకి దగ్గరగా. ఇస్త్రీపెట్టె తగిలి ఒక ఎముక నల్లబడిపోయింది, అది నా తొందరే. మెడ దగ్గర రిబ్బన్ తీసేసి వెల్‌క్రో వేశాను, ఎక్కడైనా చిక్కుకుంటే ఊడి రావాలి కదా. మెట్లమీద తొక్కుకోకుండా పొడవు చీలమండకి నాలుగంగుళాలు పైకి తగ్గించాను. ఫోన్‌కి లోపల ఛాతీ దగ్గర జేబు, ఎందుకంటే ప్యాంటు జేబులో ఉంటే నా కాల్ "వినపడలేదు" అంటాడు.

అక్టోబర్ 25: రాత్రి మా ఆయన కారులో కూర్చుని లో బీమ్ వేశారు, వాడు వీధి చివర నిలబడ్డాడు. మనిషి కనపడలేదు, ఎముకలు మాత్రం నడుచుకుంటూ వస్తున్నాయి! వెనక్కి తిరిగితే ఏమీ లేదు, వీపుకి టేపు వేయడమే మర్చిపోయాను. మళ్లీ మిషన్ ముందుకి, ఈసారి వెన్నెముక. మాస్కు పెట్టుకుంటే పక్కల చూపు ఆనదు కాబట్టి మొహానికి రంగే, అదీ ముందురోజు మోచేతి మడతలో కాస్త రాసి చూసి. ఇంటికి తిరిగొచ్చే టైమ్ మీద బేరం ఎనిమిదిన్నర దగ్గర మొదలై తొమ్మిదికి తెగింది. లొకేషన్ ఆన్‌లో ఉంచాలి, పోర్చ్ లైట్ లేని ఇంటికి వెళ్లకూడదు, ఎవరి కారూ ఎక్కకూడదు.

అక్టోబర్ 31: తొమ్మిదీ పదికి వచ్చాడు. ఆ పది నిమిషాలు ఫోన్‌లో చుక్కనే చూస్తూ కూర్చున్నాను, అది వీధి మలుపులో ఆగిపోయింది మరి. ఏమిటంటే, ఎవరో కారాపి "ఎక్కడ కొన్నావు?" అని అడిగారట. కింద అంచు చిరిగింది, రెండు ఎముకలు వేలాడుతున్నాయి. వచ్చే ఏడు జిగ్‌జాగ్ కుట్టు వేయాలి, వాడి స్నేహితుడికి కూడా ఒకటి కావాలట.