సెల్లార్‌లో ఆగిపోయిన కరెంటు కారుని లారీ ఎక్కించడానికి నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రమే కారు సర్వీసు నుంచి ఇంటికొచ్చింది. కోపం చల్లారాక రాస్తే సగం మర్చిపోతాను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. కరెంటు కారు ఉన్నవాళ్ళూ, కొనాలనుకుంటున్నవాళ్ళూ ఒకసారి చదవండి.

నేను నిజాంపేటలో ఉంటాను. ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. మా ఆయన ఉద్యోగం విశాఖలో, నెలకి రెండుసార్లు వచ్చి వెళ్తారు. నాలుగేళ్ళ క్రితం ఈ కారు కొన్నది నేను. నడిపేది నేను. వాయిదాలు కట్టింది నా జీతంలోంచి. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

వేసవి సెలవులకి మండపేటలో అమ్మ దగ్గరికి వెళ్ళి ఇరవై ఆరు రోజులు ఉండి వచ్చాను. జూన్ 12న బడి తెరుస్తారు కదా, మూడు రోజుల ముందు కారు తీద్దామని సెల్లార్‌లోకి దిగితే రిమోట్‌కి ఉలుకూ పలుకూ లేదు. రిమోట్‌లో దాగి ఉండే చిన్న తాళంచెవి లాగి తలుపు తెరిచాను. స్క్రీన్ లేదు, లైటు లేదు, హారన్ లేదు. వెళ్ళేరోజు 64 శాతం ఛార్జింగ్ చూసుకుని మరీ వెళ్ళాను.

చాలామందికి తెలియని విషయం ఇక్కడే ఉంది. కింద పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, బానెట్ కింద మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీయే ఈ కారుకి ప్రాణం. పొలం మోటారు స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కితే టక్కుమని పట్టుకుంటుందే, పెద్ద బ్యాటరీకీ మోటారుకీ మధ్య అలాంటి కాంటాక్టర్లే ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది ఈ చిన్న బ్యాటరీ. అది చచ్చిపోతే కిందున్న కరెంటంతా ఉండీ లేనట్టే. ఊరెళ్ళే ముందురోజు డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ బొమ్మ ఒకసారి వెలిగి ఆరింది. పట్టించుకోలేదు. ఆ తప్పు నాదే.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాల్లో ఒక కుర్రాడు బైకు మీద బూస్టర్ తెచ్చి తగిలించాడు, చిన్న బ్యాటరీకి బయటి నుంచి కరెంటిచ్చే పెట్టె అది. స్క్రీన్ వెలిగింది గానీ కారు ‘రెడీ’ కాలేదు. "సర్వీసుకి వెళ్ళాల్సిందే మేడమ్, ఫ్లాట్‌బెడ్ రాయిస్తాను" అని చెప్పి బూస్టర్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఫ్లాట్‌బెడ్ అంటే కారుని మొత్తంగా బల్ల మీదకి ఎక్కించుకుని పోయే లారీ. స్క్రీన్ వెలిగి ఉన్న ఆ రెండు నిమిషాల్లో మేము చెయ్యాల్సిన పని ఒకటుంది. వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

నా కారుకి హ్యాండ్‌బ్రేక్ లివర్ లేదు, బటనే. వెనక చక్రాల దగ్గర చిన్న మోటార్లు బ్రేకుని బిగిస్తాయి, అవే వదులు చేస్తాయి. గేరు కూడా తిప్పే గుండీయే. 12 వోల్టులు లేకపోతే బ్రేకు ఊడదు, గేరు ‘పీ’ (పార్కింగ్) లోంచి ‘ఎన్’ (న్యూట్రల్) లోకి రాదు. అంటే నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి ఉన్నాయి. పైగా కారు ఉన్నది సెల్లార్‌లో మూల స్తంభం పక్కన. ఫ్లాట్‌బెడ్ లారీ ఆ ర్యాంపు దిగలేదు, ఎత్తు చాలదు.

లారీ వచ్చేలోపు కారుని లాగే హుక్కు బయటికి తీసి పెట్టుకుందామనుకున్నాను. అది డిక్కీలో స్టెప్నీ పక్కన ఉంటుంది. డిక్కీ తెరుచుకునేది కరెంటుతోనే. వెనక సీటు మడిచి, చున్నీ నడుముకి చుట్టుకుని, ఫోన్ లైటు పళ్ళ మధ్య పట్టుకుని లోపలికి పాకాను. వాచ్‌మన్ కొడుకు మా బళ్ళోనే తొమ్మిదో తరగతి. వాడు బయటి నుంచి టార్చి పట్టుకున్నాడు. నల్ల స్పాంజి గూట్లో జానెడు పొడవు హుక్కు, చివర లావు మరలు. ముందు బంపర్‌కి కుడివైపున అరచేతిలో సగం ఉన్న చదరపు మూత ఉంటుంది. స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి దాన్ని లేపి, హుక్కు పెట్టి తిప్పితే ఎంతకీ పట్టదే! మరలు అరిగిపోయాయేమో అనుకున్నాను. తీరా చూస్తే అది ఎడమవైపు తిప్పాల్సిన మర. చాలా కార్ల హుక్కులు ఇలాగే ఉంటాయి, లాగేటప్పుడు ఊడిపోకుండా. మొదటి రెండు చుట్లు వేళ్ళతోనే తిప్పండి, పానా తర్వాత. అడ్డంగా ఎక్కితే బంపర్ వెనకున్న చట్రమే పాడవుతుంది.

అసలు కథ మధ్యాహ్నం మూడింటికి మొదలైంది.

వచ్చింది ఫ్లాట్‌బెడ్ కాదు. రెండు చక్రాలు ఎత్తి, రెండు చక్రాలు రోడ్డు మీద ఈడ్చుకుపోయే క్రేన్ బండి. నా రిక్వెస్టులో ఫ్లాట్‌బెడ్ అని స్పష్టంగా ఉంది, మెసేజ్ చూపించాను. డ్రైవర్ ఆ మెసేజ్ చూడలేదు, నా మొహమూ చూడలేదు. "సార్ లేరా ఇంట్లో?" అన్నాడు. లేరు, కారు నాది, నాతో మాట్లాడండి అన్నాను. "పర్లేదు మేడమ్, మేము చూసుకుంటాం. వెనక లేపి ముందు చక్రాల మీద తీసుకెళ్ళిపోతాం. ఎన్ని వందల బండ్లు లాగాం!"

నా కారుకి మోటారు తిప్పేది ముందు చక్రాల్నే. బిగుసుకున్నవాటిని ఎలాగో వదిలించినా, ఆ ముందు చక్రాలే రోడ్డు మీద తిరుగుతూ పోవాలంటాడు. పెట్రోలు కారులో న్యూట్రల్ వేస్తే గేర్లు విడిపోతాయి. దీంట్లో విడిపోవడానికేమీ లేదు. చక్రానికీ మోటారుకీ మధ్య పళ్ళు ఎప్పుడూ కలిసే ఉంటాయి, ‘ఎన్’ అన్నది కంప్యూటర్‌కి ఇచ్చే ఆదేశం మాత్రమే. చక్రం తిరిగితే మోటారులో అయస్కాంతం తిరుగుతుంది. అయస్కాంతం తిరిగితే తీగచుట్టలో కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సంగతి, నేను ఏటా పదో తరగతికి బోర్డు మీద గీసి చెప్పే సంగతి. ఆ డ్రైవర్‌కి సైకిల్ డైనమోతో చెప్పాను. "చక్రం తిరిగితే బల్బు వెలిగేది గుర్తుందా? ఇక్కడ బల్బు లేదు. ఆ వోల్టేజీ పోయి, మోటారుకి కరెంటిచ్చే ఇన్వర్టర్ పెట్టె మీద పడుతుంది. వేడెక్కి కాలిపోతుంది, నిప్పంటుకున్నా అంటుకోవచ్చు." ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. నా ఇరవై ఏళ్ళ పాఠాల్లో అర్థం కాలేదన్న పిల్లవాడు లేడు.

అతను వెనక్కి తిరిగి హెల్పర్‌తో, "మేడమ్‌కి భయం" అన్నాడు.

వాచ్‌మన్ కొడుకు పక్కనే ఉన్నాడు, టార్చి ఇంకా చేతిలోనే ఉంది. నేను పాఠం చెప్పే పిల్లవాడి ముందు, నా సబ్జెక్టులోనే, నాకు ఏమీ తెలియదన్నట్టు మాట్లాడారు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ఈలోగా హెల్పర్ కారు కింద దూరి గొలుసు తగిలించడానికి చోటు వెతుకుతున్నాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చెయ్యి, ఆర్మ్ అంటారు, దానికి చుడతానన్నాడు. దాని పైనే నారింజ రంగు కేబుల్ పోతోంది. నారింజ రంగంటే హై వోల్టేజీ, దాన్ని ముట్టుకోకూడదు. నేల పొడవునా పరిచి ఉన్నది బ్యాటరీ పెట్టె, దానికి గొలుసు రాసుకోకూడదు. నేను కారు ముందుకెళ్ళి నిలబడి, తీయమని అరిచాను. జీవితంలో ఒక కొత్త మనిషి మీద అలా అరవడం అదే మొదలు. బిగుసుకున్న చక్రాలతో ర్యాంపు మీదకి ఈడ్చుకుపోదామని వాళ్ళ ఆలోచన.

అప్పుడే మా అసోసియేషన్ సెక్రటరీగారు దిగారు. ఆయనకి ఈ కారంటే మొదటినుంచీ పడదు. నా సొంత మీటరు నుంచి నా పార్కింగ్‌కి ఒక్క పదిహేను ఆంపియర్ల ప్లగ్గు పెట్టుకోవడానికి నాలుగు నెలలు తిప్పారు. కారు ఫొటో తీసి గ్రూపులో పెట్టారు, ‘పిల్లల్ని సెల్లార్‌లోకి పంపకండి’ అని. బ్యాటరీ అంటుకుంటుందని ఆయన భయం. చలనం లేక పడున్న కారు, ఛార్జింగ్‌లో లేదు, దెబ్బ తగల్లేదు, నీళ్ళలో మునగలేదు. ఆ ఫొటో చూసి ఐదు అంతస్తుల జనం బాల్కనీల్లోకి వచ్చి నిలబడ్డారు.

డ్రైవర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. హెల్ప్‌లైన్ అమ్మాయి నాకు చేసి, "మేడమ్, గేరు న్యూట్రల్‌లో పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ తీసేయండి" అని చదివినట్టు చెప్పింది. 12 వోల్టులు లేవమ్మా, ఏదీ కదలదు అన్నాను. మళ్ళీ అదే చదివింది. మూడోసారి చదివి, "ఇంట్లో సార్ ఉంటే ఒకసారి ఇస్తారా?" అంది. ఆడపిల్ల అయ్యుండి ఆ మాట అనడమే నాకు ఎక్కువ బాధనిపించింది. కాన్ఫరెన్స్‌లో మా ఆయన్ని కలిపాను. ఆయన, "కారు ఆవిడది. ఆవిడ ఎలా చెప్తే అలా చెయ్యండి" అని పెట్టేశారు. ఆయన ఆ కారు స్టీరింగ్ ఒక్కసారి కూడా పట్టుకోలేదు. అయినా నేను గంటసేపు మొత్తుకున్నా వదలని గొలుసు ఆయన రెండు ముక్కలకి ఊడింది.

లారీ బ్యాటరీ నుంచి కరెంటిద్దామని హెల్పర్ ఇంకో సలహా ఇచ్చాడు. ఎన్ని వోల్టులని అడిగితే తెలియదన్నాడు. వెళ్ళి చూశాను, రెండు బ్యాటరీలు వరసలో ఉన్నాయి, మొత్తం 24. అది తగిలిస్తే కారులోని కంప్యూటర్లన్నీ ఒక్క దెబ్బతో పోయేవి. వద్దన్నాను. వాళ్ళు బండి తిప్పుకుని వెళ్ళిపోయారు. పది నిమిషాల్లో మెసేజ్: ‘కస్టమర్ సేవ నిరాకరించినందున మీ రిక్వెస్టు ముగించబడింది.’ నిరాకరించింది నేనట!

మర్నాడు పొద్దున కొత్తగా మళ్ళీ రిక్వెస్టు పెట్టి, ఈసారి నాలుగు ముక్కలు చెప్పి రాయించాను: ఫ్లాట్‌బెడ్ మాత్రమే, కారు సెల్లార్‌లో ఉంది, 12 వోల్టుల బ్యాటరీ చచ్చింది, చక్రాలు బిగుసుకుని ఉన్నాయి. చదివి వినిపించమన్నాను. మీరూ వినిపించుకోండి, విన్నామంటే నమ్మకండి.

వచ్చింది యాభై దాటిన పాలమూరు మనిషి. సెల్లార్ దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అమ్మా, దీనికి ముందుగాల కరెంటియ్యాలె, అటెన్క గుంజాలె" అన్నాడు. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. లారీది 24 వోల్టులని క్యాబిన్‌లో విడిగా ఒక 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకు తిరుగుతాడట. బానెట్ లేపి ఎర్ర కేబుల్ ప్లస్‌కి, నల్లది బ్యాటరీకి దూరంగా ఉన్న ఇనుప బోల్టుకి పట్టించాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, "నువ్వే తియ్యి టీచరమ్మా, నీ బండి నీకెరుక" అన్నాడు. బ్రేకు తొక్కి ‘ఎన్’లో పెట్టి బటన్ నొక్కితే వెనక నుంచి గిర్‌ర్‌మని చిన్న చప్పుడు, టక్. బ్రేకు ఊడింది. అప్పటికే ఆయన చక్రాల కింద ఇటుకలు పెట్టించాడు, లేకపోతే కారు స్తంభానికి కొట్టుకునేది.

ఆ బ్యాటరీని బానెట్ కింద గుడ్డలో అలాగే ఉంచి, నలుగురం కలిసి నడిచినంత మెల్లగా ర్యాంపు దాకా నెట్టాం. ‘ఎన్’లో ఇలా కొన్ని గజాలు నెట్టినందుకు మోటారుకి ఏమీ కాదు. రోడ్డు మీద కిలోమీటర్లు ఈడిస్తేనే ముప్పు. ర్యాంపు పైనుంచి లారీకుండే వించ్ (తీగని చుట్టుకుంటూ లాగే యంత్రం) తీగ దించి హుక్కుకి తగిలించి లాగారు. లారీ బల్ల వాలు దగ్గర కారు పొట్ట తగిలేలా ఉంటే, మూడో అంతస్తులో ఇంటీరియర్ పని చేసేవాళ్ళ చెక్కలు రెండు అడిగి చక్రాల కింద వేశాం. పైకెక్కాక బెల్టులు టైర్ల మీదుగా నాలుగు చక్రాలకీ వేశాడు, చాసిస్‌కీ ఆర్మ్‌లకీ గొలుసు ఊసే లేదు. చివర్లో మళ్ళీ ‘పీ’లో పెట్టి బ్రేకు వేశాకే తన బ్యాటరీ విప్పాడు. మొత్తం ముప్పావు గంట. ముందురోజు ఇదే పనికి ఒక పూటంతా నా పరువు తీశారు.

డీసీ-డీసీ కన్వర్టర్ పోయిందట. పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని ఛార్జ్ చేసేది అదే. దాన్ని వారంటీలో మార్చారు, 12 వోల్టుల బ్యాటరీకి మాత్రం డబ్బు కట్టించుకున్నారు. అప్పగించే ముందు నేను నాలుగు వైపులా వీడియో తీశాను, ఛార్జింగ్ కేబుల్ ఇంటికి తెచ్చేసుకున్నాను, రెండో తాళంచెవి ఇవ్వలేదు. బూస్టర్‌తో ఎవరొచ్చినా, స్క్రీన్ వెలిగిన ఆ రెండు నిమిషాల్లోనే డిక్కీ తెరిచి హుక్కు తీసుకోండి, చక్రాలకి ఇటుకలు పెట్టి ‘ఎన్’లోకి తెచ్చి బ్రేకు ఊడదీయించుకోండి. కొన్ని కార్లు కరెంటు పోగానే మళ్ళీ వాటంతటవే ‘పీ’లోకి వెళ్ళిపోతాయి, మీ మాన్యువల్‌లో ఆ ముక్క ఇవాళే చూసి పెట్టుకోండి. ఇంకొకటి, కరెంటు కారు నుంచి వేరే కారుకి జంప్ ఇవ్వమని, అంటే కేబుల్ తగిలించి దాని చచ్చిన బ్యాటరీకి కరెంటివ్వమని ఎవరైనా అడిగితే మొహమాటపడకండి, ఇవ్వకూడదు.

హుక్కుని డిక్కీలోంచి తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. సెక్రటరీగారు గ్రూపులో ఆ ఫొటో తీసేయలేదు, దాని కిందే కన్వర్టర్ మార్చిన బిల్లు పెట్టాను. హెల్ప్‌లైన్ వాళ్ళకి ‘కస్టమర్ నిరాకరించారు’ అన్న మాట రికార్డులోంచి తీసి, ‘తప్పు బండి పంపాం’ అని రాయమని మెయిల్ పెట్టి నాలుగు రోజులైంది. జవాబు రాలేదు. రేపు బడి నుంచి వచ్చాక మళ్ళీ పెడతాను.