లేమి అంటే ఏంటి అమ్మమ్మా?

మా మనవడికి ఆరేళ్లు. సండే స్కూల్లో బైబిల్లోని 23వ కీర్తన కంఠతా పట్టమన్నారట, వారం నుంచి ఇంట్లో అదే గోల. నిన్న "నాకు లేమి కలుగదు" దాకా గడగడా చెప్పి టక్కున ఆగాడు. "లేమి అంటే ఏంటి అమ్మమ్మా?"

"ఏదైనా లేకపోవడం నాన్నా" అన్నాను.

"మరి డబ్బాలో చాక్లెట్లు లేవుగా?"

ఏం చెప్పను! మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో అమెరికా నుంచి మిషనరీ హయ్యర్ దొర మా ఊరొచ్చి మొదలుపెట్టిన సంఘం. మా నాయనమ్మకి చదువు రాదు, ఈ కీర్తన విని విని నేర్చుకుంది. నేనూ చిన్నప్పటి నుంచి చెబుతున్నా, ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగింది లేదు.

రాత్రి ప్రార్థనలో మోకాళ్ల మీద కూర్చుని, నేను కళ్లు మూసుకున్నానో లేదో ఒక కన్ను తెరిచి చూశాడు. (నేనెలా చూశానని అడక్కండి.) "ప్రభువా, వాచ్‌మన్ తాత వాళ్ల పాపకి జ్వరం తగ్గించు" అన్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు ఆ మాట. నా గొంతు పూడుకుపోయింది. ఆమెన్‌కి ముందు మెల్లగా, "చాక్లెట్లు కూడా."

ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్పాలి. వాడికేం టెన్షన్ లేదు, నాకే నిద్ర పట్టట్లేదు.