‘కొత్తగా మందులేమైనా వాడుతున్నారా?’

నాన్నగారి రక్తపరీక్ష ఫలితం నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె, 2.4 ఉంది. మూడు వారాల ఆందోళన తీరింది కనుక, జరిగినదంతా మనసులో పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

ఇంట్లో నొప్పులకు సుగంధ తైలాలు వాడడం నా మెడనొప్పితో మొదలైంది. 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో పన్నెండు చుక్కల నీలగిరి తైలం కలిపి, ముందుగా ముంజేతి మీద రాసి ఒక రోజు చూసి, ఆ తర్వాత మెడకు మర్దన చేసుకుంటే హాయిగా అనిపించింది. కర్పూరం, పుదీనా పువ్వు (మెంథాల్ పలుకులు), వాము పువ్వు (థైమాల్ పలుకులు) సమపాళ్ళలో ఒక సీసాలో వేస్తే పొయ్యి సెగ తగలకుండానే మూడూ కరిగి నూనెలా మారుతాయని మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. దానినీ రెండు మూడు చుక్కలు నూనెలో కలిపి వాడాను. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. గుండె లయ తప్పుతున్నందువల్ల నాలుగేళ్ళుగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకుంటున్నారు. ఆయన ఐఎన్ఆర్ 2కు, 3కు మధ్య ఉండాలి. ప్రతి ఆదివారం మాత్రల డబ్బా నేనే నింపుతాను. నాలుగేళ్ళలో ఒక్క పూట కూడా పొరపాటు జరగలేదని గర్వంగా చెప్పుకోగలను. మొన్న చలికాలంలో ఆయన మోకాళ్ళ నొప్పులు పెరిగి, రాత్రిళ్ళు నిద్ర కరవైంది. నొప్పి మాత్రలు ఆయన వేసుకోకూడదు కనుక పైపూతే మేలనుకొని, వనమూలికల దుకాణంలో అడిగాను. దుకాణదారు గంధపుర తైలం (వింటర్‌గ్రీన్ ఆయిల్) సీసా చేతిలో పెట్టి, ‘ఇది పూత మందే కదండీ, ఎంత రాసినా పరవాలేదు’ అన్నాడు. సీసా మీద ఏ హెచ్చరికా లేదు. నా మెడకు చుక్కలు లెక్కపెట్టిన నేనే, నాన్నగారి మోకాళ్ళకు ఆ నూనెను ఏమీ కలపకుండా అరచేతిలో పోసుకొని పూటకొకసారి చొప్పున రోజుకు మూడుసార్లు రాసి, పైన వేడినీళ్ళ సంచి పెట్టి తువ్వాలు చుట్టాను. ఆయనకు ఉపశమనం కలిగింది. 100 మిల్లీలీటర్ల సీసా పన్నెండు రోజుల్లో ఖాళీ అయింది. రెండో సీసా తెచ్చాను.

ఆ వారంలోనే ఒక ఉదయం పళ్ళు తోముకుంటుంటే ఆయన చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. ముంజేతి మీద, దెబ్బేమీ తగలకుండానే, అరచేయంత నల్లని మచ్చ కనిపించింది. పరీక్ష చేయిస్తే ఐఎన్ఆర్ 5.8 ఉంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాను.

అక్కడ గడిచిన గంట నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. యువ వైద్యుడొకాయన చీటీ చూసి, ‘మాత్రలు ఎవరు ఇస్తున్నారు?’ అని అడిగారు. నేనే అన్నాను. ‘అయితే రెండు పూటలవి కలిపి వేసి ఉంటారు’ అని నా సమాధానం వినకుండానే తేల్చేశారు. వరండాలో వరుసగా కూర్చున్న వాళ్ళంతా తలుపు సందులోంచి చూస్తుండగా, సంచిలోని మాత్రల పట్టీలన్నీ బల్ల మీద పోసి లెక్కపెట్టమన్నారు. కొన్నవి ఎన్ని, వాడినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని వేళ్ళు వణుకుతుండగా లెక్కపెట్టాను. ఒక్కటి కూడా తేడా రాలేదు. దానితో ఆయన అనుమానం నా మీద నుంచి నాన్నగారి మీదికి మళ్ళింది. ‘పెద్దాయన మరిచిపోయి విడిగా వేసుకుంటున్నారేమో, డబ్బాకు తాళం వేసుకోండి’ అన్నారు. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి ఆ మాటకు తల దించుకున్నారు. ఆ దృశ్యం నేను మరిచిపోలేను.

తర్వాత, ఆ అంకెను పెంచగల ఇతర కారణాల గురించి ప్రశ్నలు వరుసగా వచ్చాయి. జ్వరానికి గాని, గొంతు నొప్పికి గాని యాంటీబయాటిక్ వాడారా? లేదు. ఆకుకూరలు మానేశారా? లేదు, వారానికి రెండుసార్లు ఎప్పటిలాగే వండుతున్నాను. కొత్తగా మందులేమైనా వాడుతున్నారా? లేవు. ఈ చివరి ప్రశ్నను ఆయన మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ నేను గట్టిగా లేవనే చెప్పాను. నేను అబద్ధం ఆడలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన నాటి నుంచి మన ఇళ్ళలో నొప్పికి రాసుకునేది పోపుల డబ్బాలాగా ఇంటి సామానే తప్ప, దానిని మందుల లెక్కలో ఎవరు చేరుస్తారు? తైలం సంగతి ఆ క్షణాన నా మనసుకే తట్టలేదు.

రక్తపోటు చూడడానికి వచ్చిన ఒక పెద్దవయసు నర్సమ్మ నాన్నగారి పక్కన కూర్చోగానే, ‘ఈ ఘాటు వాసన ఏమిటి నాన్నగారూ?’ అని అడిగింది. ఆయన పంచె కొంచెం పైకి జరిపి, నూనెతో మెరుస్తున్న మోకాళ్ళు చూపించారు. ‘రోజుకు ఎంత రాస్తున్నారమ్మా?’ అని ఆమె నన్ను అడిగింది. అరచేతిలో పట్టినంత అని చెప్పేసరికి గది నిశ్శబ్దమైపోయింది. ఆ యువ వైద్యుడు క్షమించమనలేదు. పెద్ద డాక్టరుగారు వచ్చాకే విషయం వివరంగా తెలిసింది. గంధపుర తైలంలో దాదాపు అంతా మిథైల్ సాలిసిలేటే. అది ఆస్పిరిన్ కుటుంబానికి చెందినది, చర్మం గుండా రక్తంలోకి చేరుతుంది, వేడి తగిలితే మరింతగా చేరుతుంది, వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది. అయిదు మిల్లీలీటర్ల ఆ నూనె, అంటే ఒక చెంచాడు, కడుపులోకి పోతే సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్ మింగినట్టట. 325 మిల్లీగ్రాముల మాత్రలు ఇరవైకి పైగా! మా చెల్లెలి కొడుకు రెండేళ్ళవాడు మా ఇంట్లో ఆడుకుంటూ తిరుగుతాడని గుర్తు వచ్చి నా ఒళ్ళు జలదరించింది.

రెండు రోజులు వార్ఫరిన్ ఆపి, నూనె పూర్తిగా మానిపించి, మళ్ళీ పరీక్షలు చేయించారు. అంకె మెల్లగా దిగివచ్చింది.

నొప్పులకు తైలాలు వాడేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే ఉంది. ఇంట్లో ఎవరైనా రక్తం పలుచబడే మందు వాడుతుంటే గంధపుర తైలం గడప దాటి లోపలికి రానివ్వకండి. నొప్పి లేపనాల మీద, స్ప్రేల మీద ఉన్న చిన్న అక్షరాలలో మిథైల్ సాలిసిలేట్ అన్న పేరు కోసం వెతకండి. చాలావాటిలో అది ఉంటుంది. దుకాణదారు మాట నమ్మకండి. నేను తిరిగి వెళ్ళి జరిగింది చెప్పినప్పుడు, ‘చర్మం మీద రాసింది ఒంట్లోకి ఎలా పోతుందండీ?’ అని అతను నన్నే ఎదురు ప్రశ్నించాడు.

ఇప్పుడు నాన్నగారి మోకాళ్ళకు ఉత్త నువ్వుల నూనె మాత్రమే గోరువెచ్చగా రాసి, ఫిజియోథెరపీలో నేర్పిన వ్యాయామం రెండు పూటలా చేయిస్తున్నాను. ఐఎన్ఆర్ రాసుకునే నోటు పుస్తకంలో మందుల పేర్ల కింద కొత్తగా ఒక గడి గీసి, ‘పూతలు’ అని నాన్నగారే తన చేతిరాతతో రాశారు.